వల కోస్తేనే గెలిచే ఆట

ఈ సాయంత్రం నాలుగు గంటలకు రేవులో తుఫాను ప్రమాద సూచిక ఎగరేశారు. నిన్న వేటకెళ్లిన నూకరాజు పడవ అప్పటికి తిరిగి రాలేదు. అందులో నలుగురున్నారు, వైర్‌లెస్ లేదు.

ఆ సమయానికి నేను మత్స్యకారుల కాలనీలో ఉన్నాను. తుఫాను జాగ్రత్తలు నేర్పే కంప్యూటర్ గేమ్‌ను ఒక స్వచ్ఛంద సంస్థ అక్కడి బడిలో ఆడిస్తోంది. తెర మీద గాలి ముదరగానే నీళ్లలో ఉన్న వలను కోసి వదిలేసి ఒడ్డుకు తిరగాలి. వల లాగుతూ ఉండిపోతే పడవ మునుగుతుంది.

సూచిక సంగతి తెలిసినా నూకరాజు భార్య ఎల్లమ్మ కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు. మూడుసార్లు ఆడింది. మూడుసార్లూ వల లాగింది, మూడుసార్లూ మునిగింది.

"వల కోసెయ్యాలమ్మా," అంది ఆట నేర్పే అమ్మాయి.

"ఏటి కోసీడం? సగం వల నా సేత్తో కట్టిందే. కొయ్యడానికి సేతులొత్తాయేటి పాపా?" అని ఎల్లమ్మ కసిరింది. అంతలోనే గొంతు తగ్గించింది. "మా ఆయనకీ సేతులు రావు. ఇందులోంచి ఆయనకి సెప్పడానికవదా, కోసీమని?"

"ఇది గేమేనమ్మా."

నాలుగోసారి ఎల్లమ్మ వల కోసింది. తెర మీద అభినందనలు వచ్చాయి. ఆమె వాటిని చూడలేదు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ కోసింది. నేను బయటికొచ్చేసరికి అది ఏడోసారి.

ఆ ఆటలో వల కోయడానికి ఒక్క క్లిక్ చాలు. మీ బతుకుతెరువును మీ చేత్తో మీరైతే కోయగలరా? కామెంట్లలో నిజం రాయండి.

గాలి తగ్గితే, రేపు ఉదయం ఆరు గంటలకు రేవు నుంచి గాలింపు బోటు బయలుదేరుతుంది.