సుజాతకు పది సూదులు

మే నెల. ఉదయం ఆరూ నలభైకి మా ఆర్మీ లారీ కర్ణాటక అంచున, తెలుగు మాట్లాడే నాగలమడికలో ఆగింది. వరసగా మూడో ఏడు వాన తప్పింది. ఉత్తర పినాకినిలో ఇసుక తప్ప ఏమీ లేదు. ఆర్డరు ఇది: మాజీ సైనికుల కుటుంబాలకు బడిలో పన్నెండు రోజుల వైద్య శిబిరం. మేం నలుగురం. కెప్టెన్ డాక్టరు, రేడియో ఆపరేటరు, డ్రైవరు, నర్సింగ్ అసిస్టెంటునైన నేను. మాది అనంతపురం వైపు. అందుకని డాక్టరు హిందీని తెలుగులో చెప్పే పని కూడా నాదే.

రెండో రోజు పదకొండింటికి ఏటి అవతలి పల్లె నుంచి గంగమ్మ అనే అవ్వ మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. ఆమె భర్త ఫౌజులో చేసినవాడు, ఇప్పుడు లేడు. పిల్ల పేరు సుజాత, ఏడేళ్లు. జ్వరం నూట మూడు. గొంతు నొప్పి. ఒళ్లంతా ఎర్రగా కంది, నోటి చుట్టూ మాత్రం పాలిపోయి ఉంది.

"అమ్మవారు పోసినాది సామీ. సూది ఏయద్దండి. మాత్ర ఇయ్యండి, సాలు."

కెప్టెన్ మోచేతి మడతల్లో ఎర్రగీతలు చూశాడు. నా చెయ్యి పట్టి పిల్ల పొట్టమీద ఆనించాడు. ఉప్పుకాగితంలా గరుకు.

"అమ్మవారు కాదు, స్కార్లెట్ ఫీవర్. పుస్తకంలో చదివాను, మనిషిలో చూడటం ఇదే మొదలు. నాలుక స్ట్రాబెర్రీలా ఉందని చెప్పు."

నేనే స్ట్రాబెర్రీ ఎరగను. ఊరికే నాలుక చూపించాను. అవ్వ వంగి చూసింది.

"రేష్మె సెట్టు పండు మాదిరి ఉండాది కదప్పా!"

పట్టుపురుగులకు ఆకు వేసే మల్బరీ చెట్టు పండు అని కెప్టెన్‌కు చెబితే ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. అవ్వ పిల్లను నా ముందుకు జరిపింది. "మా ఆయప్ప పటాలంలో సూదులు ఏయించుకున్నోడే. ఏయండి." పరీక్ష సూది వేసి అరగంట ఆగాం. సూది వేసిన చోట దద్దురు లేవలేదు. పెన్సిలిన్ వేశాను.

సిరంజి ఉడకబెడుతూ, ఇదేం జ్వరమని అడిగాను. గొంతులో చేరిన క్రిమి విషమే ఆ ఎరుపు అన్నాడు కెప్టెన్. ఒకప్పుడు చలి దేశాల్లో ఒక్కో ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని తీసుకుపోయేదట. మందు లేదు. రోగిని వారాల తరబడి వేరే గదిలో ఉంచి, బొమ్మలూ పరుపులూ తగలబెట్టేవారట. "ఇప్పుడు జ్వరం రెండు మూడు రోజుల్లో దిగుతుంది. కానీ పది రోజులూ మందు పడాలి. మధ్యలో మానితే తర్వాత గుండెకు రావచ్చు."

రోజుకొకటి చొప్పున, మా దగ్గర ఆరు పెన్సిలిన్ సీసాలే ఉన్నాయి. ఆపరేటరు బెంగళూరు బేస్‌ను పిలిచాడు.

"పెన్సిలిన్ నాలుగు కావాలి. ఓవర్."

"క్యాంపు మొత్తానికి నాలుగేనా? ఓవర్."

"ఒక్క పిల్లకు. ఓవర్."

"పంపుతున్నాం. అవుట్."

నాలుగో రోజు బస్సులో మందు వచ్చింది. ఐదో రోజు పొద్దున సూది వేళకు పిల్ల రాలేదు.

ఎనిమిదింటికి కెప్టెన్, నేను ఇసుకలో నడిచి వెళ్లాం. అవ్వ వసారాలో విత్తనానికి చెనక్కాయలు వలుస్తోంది. సుజాత పక్కనే ఆడుకుంటోంది.

"జరం దిగినాది. బువ్వ తింటాండాది. ఇంగ సూది ఏంటికప్పా? దాని ఏడుపు నేను సూడలేను."

"మానేస్తే గుండె చెడుతుంది అవ్వా," అన్నాను.

"ఇంత బాగుండే పిల్లకి గుండెకేమైతాదప్పా?"

నేను హిందీలో చెప్పాను. కెప్టెన్ మెడలో స్టెతస్కోపు తీసి అవ్వ చెవులకు పెట్టాడు. రెండో కొస పిల్ల ఎదమీద ఆనించాడు. అవ్వ ఉలిక్కిపడింది. తర్వాత కళ్లు మూసుకుంది.

"ఎంత బిరబిరా కొట్టుకుంటాండాదో!"

"అది ఎప్పటికీ ఇట్లాగే కొట్టుకోవాలి," అన్నాడు కెప్టెన్. "ఇంకా ఏడు సూదులు."

చాలాసేపటికి గానీ ఆమె స్టెతస్కోపు వదల్లేదు. "ఏడూ ఏయండి," అంది.

ఆ రోజు నుంచీ రోజూ నేనే ఏరు దాటి వెళ్లాను. పదకొండో రోజుకు పదీ పూర్తయ్యాయి. పన్నెండో రోజు లారీ బయలుదేరే ముందు అవ్వ పిల్లను తీసుకొచ్చింది. కెప్టెన్ మరోసారి గుండె విన్నాడు. ఏ తేడా లేదు.

తర్వాత పంజాబ్‌లో చేశాను, సిక్కింలో చేశాను. ఇంటికొచ్చి చాలా ఏళ్లయింది. అడిగినవాళ్లు మంచు గురించీ తుపాకుల గురించీ అడుగుతారు. నాకు కనబడేది లారీ మెట్టుమీద కూర్చున్న సుజాత. వేళ్ల కొసల్లో చర్మం పొరలు పొరలుగా ఊడుతోంది. ఆ జబ్బు తగ్గేటప్పుడు అంతే. ఆమెకు భయం లేదు. ఒక పొర మెల్లగా లాగింది. కింద లేత గులాబీ రంగు చర్మాన్ని ఎండకు తిప్పి చూసుకుంది.

"అన్నా, లోపల ఇంకో చెయ్యి ఉండాది సూడు!"