నీలుక్కుపోయిన పిట్ట

గులందాం నోరు మంచిది కాదని రావర్ ఊళ్ళో వాళ్ళ వీధి వీధంతా ఒప్పుకుంటుంది. గొంతు మాత్రం మంచిదే. కాపురానికొచ్చిన ఏడాదే అత్త ఖావర్ ఆమెను తివాచీ మగ్గానికి కుడివైపు కూర్చోబెట్టి, నక్షా పాడే పని అప్పజెప్పింది. తన సగం నేస్తూ ఏ రంగు ముడి ఎక్కడ పడాలో గులందాం పాడాలి. ఎడమవైపు కూర్చున్నవాళ్ళు అదే అద్దంలో బొమ్మలా నేసి "వేశా" అనాలి.

ఆ ఎడమవైపుకి తోడికోడలు నుస్రత్ వచ్చిపడింది. నుస్రత్ పెళ్ళినాటి పులావులో అడుగంటిన కరకరలాడే పెచ్చు ఎవరి పళ్ళెంలో పడిందన్న దగ్గర రాజుకుంది తగువు. అప్పట్నుంచీ పాట, "వేశా" తప్ప ఇద్దరి మధ్యా ఇంకో మాట లేదు.

చూపు మందగిస్తున్న ఖావర్ ఒకరోజు పంటికింద కలకండ పెట్టుకుని టీ చప్పరిస్తూ అంది: "ఈ తివాచీ దిగాక మగ్గం మీలో ఒకత్తికే ఇస్తా. ఎవత్తి సగం బాగుంటే దానికి."

గులందాం తివాచీ రెండు సగాలూ తడిమి చూసింది. నుస్రత్ ముడి తనకన్నా బిగువు. ఆ సంగతి తనకీ తెలుసు.

మర్నాడు నేయాల్సింది పిట్ట రెక్క. దానిమ్మ ఎరుపు. తను ఎరుపే వేసుకుని, నుస్రత్‌చేత నీలం వేయించాలనుకుంది గులందాం.

"రెండు నీలం, పక్కన ఒంటె రంగు..."

"వేశా."

పొద్దు వాలేసరికి రెక్క పూర్తయింది. ఖావర్ ముక్కు తివాచీకి ఆనించి చూసింది.

"ఇదేం పిట్టే? చలికి నీలుక్కుపోయిందా?"

"చూశావా అత్తా! నేను పాడేదొకటి, అది నేసేదొకటి!"

"దాని పిట్ట సంగతి సరే. నీదేమైంది?"

గులందాం తలొంచి చూసుకుంది. తన పిట్టా నీలమే! ఇన్నేళ్ళూ నోరు చెప్పిందే వేసిన వేళ్ళు, ఇవాళ మాత్రం ఎందుకు ఆగుతాయి?

నుస్రత్ కిసుక్కున నవ్వింది. "ఎరుపని నాకూ తెలుసత్తా. అక్క పాడింది, నేను వేశా. అడ్డం చెప్పడానికి మాకు మాటల్లేవుగా!"

"పాముని పక్కన కూర్చోబెట్టుకున్నా!"

"బుస కొట్టింది నువ్వేగా అక్కా."

ఖావర్ ముడులు దట్టించే ఇనప దువ్వెనతో చట్రం మీద ఠంగుమని కొట్టింది. "ఒకత్తి గొయ్యి తవ్వింది, ఇంకోత్తి లోతు చూస్తూ కూచుంది! ఇద్దరూ విప్పండి. విప్పాక చోట్లు మారండి. ఇహ పాట చిన్నదే పాడుతుంది, మగ్గమూ దానిదే."

మోకాలు మోకాలికి తగులుతుంటే ముడి ముడీ పీకారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

తర్వాత నుస్రత్ కుడివైపు సర్దుకు కూర్చుని రాగం తీసింది. "రెండు ఎరుపు..."

గులందాం ముడి వేసింది. నోరు విప్పలేదు.

"రెండు ఎరుపు, అక్కా..." ఈసారి ఇంకాస్త తియ్యగా.

ఖావర్ దువ్వెన ఎత్తింది.

"వేశా," అంది గులందాం, ఉమ్మేసినట్టు.