ఇంకొక్క కొలత

ఆ వీధిలోని టైలరమ్మకు ఒకటే జబ్బు: ఎవరి బట్టలూ చెప్పిన రోజుకు ఇవ్వదు. కుట్టదా అంటే ప్రాణం పెట్టి కుడుతుంది. తీరా తీసుకోవడానికి వెళ్తే మెడలో టేపు సవరించుకుని, "ఇంకొక్క కొలత మిగిలింది. వచ్చే మంగళవారం రామ్మా" అంటుంది. కడుపుతో ఉన్నప్పుడు కొలతలిచ్చిన నర్సమ్మకు, బిడ్డ నడక నేర్చాక గౌను చేతికొచ్చింది.

"ఆరు కొలతలేంటండీ? ఈపాటికి భూగోళం చుట్టుకొలత తేలిపోయేది!" అని స్కూలు టీచరమ్మ మొత్తుకుంది.

"భూగోళం లావెక్కదుగా టీచరమ్మా!" అనేసి మిషను తొక్కడం మొదలెట్టింది టైలరమ్మ. ఆ మోతలో ఎవరి తిట్లూ వినిపించవు.

టైలరమ్మ మేనకోడలికి ఈ అత్త వల్ల తలవంపులుగా ఉండేది. ఆ అమ్మాయి ఇళ్ళలో దెబ్బలు తినే ఆడవాళ్ళ కోసం నడిచే సహాయ కేంద్రంలో పనిచేస్తుంది. సగం పూట ఫోను దగ్గర కూర్చోవాలి, మిగతా సగం "కొడితే భరించకండి, ఫోన్ చేయండి" అనే పోస్టర్లు అంటించాలి. చేసేది ధైర్యం చెప్పే ఉద్యోగమే గానీ, మనిషి మహా పిరికిది. పోస్టరు చూసి ఎవడైనా గుడ్లురిమితే జిగురు డబ్బా వదిలేసి సందు మలుపుదాకా పరుగే.

వీధిలో అందరూ పోస్టరుకు ఒప్పుకున్నారు, అత్త తప్ప.

"నా కొట్టు ముందు అద్దం జోలికొచ్చావంటే నీ జడకి కొలత తీస్తా" అని కత్తెర ఆడించింది.

"నీకు భయమా అత్తా?"

"భయమే. నీకు లేదేంటి పాపం!"

ఆఖరిసారి అడిగి చూద్దామని ఒక మంగళవారం మధ్యాహ్నం మేనకోడలు పోస్టర్ల చుట్ట చంకన పెట్టుకుని వెళ్ళింది. టీచరమ్మ, నర్సమ్మ బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఇంతలో వాకిట్లో కారాగింది. డ్రైవింగ్ స్కూలాయన, వెనకే తల వంచుకుని ఆయన భార్య దిగారు. అత్త ముఖం పాలిపోయింది. మేనకోడల్ని పోస్టర్లతో సహా, బట్టలు తొడిగి చూసుకునే తెర వెనక్కి తోసేసింది.

"ఇవాళైనా గౌను ఇస్తారా?"

"ఇంకొక్క కొలతే బాబూ. అమ్మా, లోపల నమూనా గౌను తొడిగి చూసుకో."

"పది నిమిషాలు. అంతే!" అని ఆయన వాచీ చూసుకున్నాడు. మిషను మోత మొదలైంది.

తెర వెనక మేనకోడలు నోరు తెరుచుకుని నిలబడిపోయింది. గోడ మీద అద్దం పక్కనే తమ పోస్టరు ఉంది. అంచులు మాసి, నెలల నాటిదిలా ఉంది. దాని కింద తనెప్పుడూ చూడని ఫోను ఒకటి. లోపలికొచ్చిన డ్రైవింగ్ స్కూలాయన భార్య ఆమెను చూసి బెదిరి, గోడకు అతుక్కుపోయింది.

"భయపడకండి, నేను సహాయ కేంద్రం మనిషినే" అంది మేనకోడలు.

"ఫోన్లో... మీరేనా?" అని ఆవిడ గుసగుసలాడింది.

 ప్రతి మంగళవారం వచ్చే ఫోను గొంతు అది! వెనక వినిపించే మోత ఏదో మిల్లుదనుకుంది ఇన్నాళ్ళూ. ఎక్కణ్ణుంచని అడిగితే ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

"నిన్న మీ నంబరు రాసుకున్న చీటీ ఆయనకి దొరికింది. ఇంటికెళ్ళాక తేలుస్తానన్నాడు. వెళ్తే నన్ను బతకనివ్వడు" అందావిడ. చేతుల మీద కమిలిన మచ్చలున్నాయి.

మేనకోడలు ఆఫీసుకు ఫోన్ చేసి, వెనక సందులోకి బండి పంపమంది. ఎనిమిది నిమిషాలు పడుతుందన్నారు. ఇద్దరూ చేతులు పట్టుకుని కూర్చున్నారు. 

బయట ఆయన మిషను బల్ల మీద ఒక్కటి చరిచాడు. మిషను ఆగిపోయింది. 

"ఎంతసేపు?"

"దారం తెగింది బాబూ" అంది అత్త. మళ్ళీ మోత. మేనకోడలు తెర సందులోంచి చూసింది. సూదిలో దారం లేదు, సూది కింద గుడ్డా లేదు. అత్త నుదుటి మీద మాత్రం చెమట ధారగా కారుతోంది.

"మాది ఆరో కొలత, మీది నాలుగోది. వరసలో కూర్చోండి!" అని టీచరమ్మ ఆయన్ని కసిరింది.

వెనక తలుపు మీద మెల్లగా తట్టారు. ఆవిడ బండెక్కింది. మేనకోడలు గడియ పెట్టి తిరిగేసరికి తెర సర్రున పక్కకి జరిగింది. ఎదురుగా డ్రైవింగ్ స్కూలాయన.

"ఏదీ అది?"

పారిపోవడానికి సందు లేదు. "వె... వెళ్ళిపోయింది. ఇక రాదు" అంది మేనకోడలు కీచుగా.

ఆయన చెయ్యెత్తాడు. కత్తెర పట్టుకుని అత్త మధ్యలోకొచ్చింది. టీచరమ్మ, నర్సమ్మ లేచి అటూ ఇటూ నిలబడ్డారు.

"చెయ్యి దించు బాబూ. నీ కొలత నలుగురం చూశాం. పోలీసుల దగ్గర చెప్పడానికి సరిపోతాం" అంది అత్త.  ఆయన "మీ సంగతి చూస్తా" అంటూ వెళ్ళిపోయాడు.

కారు మోత దూరమయ్యాక అత్తా మేనకోడళ్ళిద్దరూ నేల మీదే కూలబడ్డారు. కాసేపటికి అత్త బీరువాలోంచి మడత పెట్టిన గౌను తీసింది.

"ఆవిడకి చేర్చు. మొదటి వారమే అయిపోయింది."

"మరి మిగతా వాళ్ళవి?"

"అవీ అంతే. ఒక్కదాన్నే మళ్ళీ మళ్ళీ రమ్మంటే మొగుడికి అనుమానం రాదుటే? అందర్నీ ఏడిపిస్తే నాకు చేతకాదనుకుంటాడు. కొట్టు ముందు అద్దం మీద నీ పోస్టరుంటే ఇలాంటివాడు పెళ్ళాన్ని ఈ గడప తొక్కనిస్తాడా?"

మేనకోడలు అత్త భుజం మీద తల పెట్టేసింది.

"అంటే నా గౌను తయారేనా? ఇచ్చేయండి ముందు!" అని టీచరమ్మ లేచింది.

అప్పుడే వాకిట్లోకి ఒక కొత్తావిడ వచ్చింది. పక్కనే ఆవిడ మోచెయ్యి గట్టిగా పట్టుకుని ఒక మగమనిషి. "ఒక్క గౌను కుట్టడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు.

అత్త మెడలో టేపు సవరించుకుంది. టీచరమ్మ ఆ మోచేతినీ, గోడ గడియారాన్నీ మార్చి మార్చి చూసి, మళ్ళీ బల్ల మీద చతికిలబడింది.

"ఏం టైలరమ్మండీ బాబూ!" అంది వీధంతా వినపడేలా. "నాకింకా ఒక్క కొలత మిగిలిందట!"