ఎక్కడ దిగాలన్న దిగులు

ఆ రోజుల్లో నాకు తెలివి లేదనలేను. ఉండేది, కాకపోతే అవసరమైనప్పుడు ఇంట్లో ఉండేది కాదు. పెళ్లైన కొత్తలో భార్యను తీసుకుని నాలుగు రోజులు ఎటైనా వెళ్లి రావాలనుకున్నవాడు, ఎక్కడ దిగాలన్న సంగతి తన మనసును అడగాలి, లేదా భార్యను అడగాలి. నేను చుట్టాలను అడిగాను. అదీ ఒక్కరిని కాదు, పెళ్లి పనుల కోసం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో, రెండు వైపుల వాళ్లకూ కనబడేలా, చివర నమస్కారం బొమ్మ కూడా పెట్టి మరీ అడిగాను. (ఆ నమస్కారం ఎందుకు పెట్టానో ఇప్పటికీ తెలియదు. బహుశా నా సెలవులకు ముందుగానే దండం పెట్టేసి ఉంటాను.)

జనగామలో అప్పట్లో మాది రెండు గదుల ఇల్లు. నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కల సారును. మా గదికీ పక్క గదికీ మధ్య గోడ ఉండేది కానీ అది పైకప్పు దాకా వెళ్లలేదు. కట్టేటప్పుడు ఇటుకలు అయిపోయాయో, మేస్త్రీకి విసుగొచ్చిందో, పైన మూరెడు సందు మిగిలిపోయింది. అవతల అమ్మ, నాయిన, పోటీ పరీక్షలకు పెద్ద గొంతుతో చదివే తమ్ముడు. ఒకసారి నేను నా భార్య చెవిలో "రేపేం కూర?" అని గుసగుసలాడితే, గోడ అవతల నుంచి నాయిన "బీరకాయ" అని జవాబిచ్చాడు. అలాంటి గదిలో ఒకనాడు ఆమె నన్ను అడిగింది: "నన్ను చూడనీకి వచ్చిన్రు గదా, చూడంగనే ఏమనుకున్నరు?" (అప్పట్లో నన్నింకా 'మీరు' అనేది. ఆ మర్యాద ఎక్కువ కాలం నిలవలేదు.) నేను చెబుదామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే అవతల తమ్ముడి చదువు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో అమ్మ చెవులు కూడా వినబడ్డాయి నాకు. "ఈడ కాదు, చెర్వు కాడ చెప్త" అన్నాను. ఏ చెరువో నాకే తెలియదు. అన్నాను కాబట్టి ఒక చెరువు వెతకవలసి వచ్చింది, అలా లక్నవరం మా బతుకులోకి వచ్చింది. అడవి, గుట్టల మధ్య నీళ్లు, నీళ్ల మీద వేలాడే వంతెన, నీళ్ల వైపు కిటికీ ఉన్న గది. ఆమెకు కావలసింది ఆ కిటికీ. నాకు కావలసింది పైకప్పు దాకా వెళ్లిన గోడ.

మా బడి ఎదురుగా జిరాక్స్ దుకాణం నడిపే భాయ్ తన కంప్యూటర్లో రెండు గదులు చూపించాడు. ఒకటి గట్టు మీద, ఇంకొకటి నీళ్ల మధ్య దీవిలో. "రెండిట్ల ఏదన్న తీస్కో మియా. గని ఒక్క మాట, కిసీకూ బోల్నా నక్కో, ఎవ్వలకు చెప్పకు. చుప్‌చాప్ పో, చుప్‌చాప్ రా. నేను షాదీ అయినంక మా అత్తగారోళ్లకు చెప్పి పోయిన. బస్సుల నా పక్కన మామ కూసున్నడు, బీవీ ఎన్క సీట్ల కూసున్నది" అన్నాడు. నేను పడీ పడీ నవ్వాను. ఇంటికి వచ్చి నా భార్యను అడిగితే నీళ్ల మధ్యదే కావాలంది. అక్కడితో అయిపోవలసిన కథ. కానీ లెక్కల సారుకు జవాబు వచ్చాక కూడా సరిచూసుకునే జబ్బు ఒకటి ఉంటుంది. 'లక్నవరంలో గట్టు మీది గది మంచిదా, దీవిలోది మంచిదా, పెద్దలు చెప్పగలరు' అని గ్రూపులో పెట్టాను.

మొదట పలికింది మహబూబాబాద్‌లో, అంటే మా నోట్లో మానుకోటలో, ఉండే మా మేనత్త. నాయినకు చెల్లెలే అయినా నాయినను కూడా గదమాయించే గొంతు. ఆమె రాయదు, మాట్లాడి పంపిస్తుంది. "ఏందిరా, గదేందిరా? లాడ్జిల పంటరా? మేమేమన్న సచ్చినమారా? మానుకోటల మేనత్త ఉండంగ, కొత్త పెండ్లాన్ని తీస్కపోయి లాడ్జిల దించుతవా? ఇన్నోళ్లు ఏమనుకుంటరు, లేచిపోయి వచ్చిన్రనుకుంటరు!" ఆ వెంటనే ఒక ఫోటో వచ్చింది. వాకిట్లో బోర్లించిన గంప, దాని సందుల్లోంచి నావైపే చూస్తున్న ఒక కోడిపుంజు కన్ను. కింద ఆమె మనవరాలు రాసింది: 'మీ పేరు మీద పెట్టినం.'

మా వైపు ఈ సంగతి తెలియనివారు ఉండరు. కొత్తగా పెళ్లైనవాళ్లు వస్తున్నారంటే వాళ్ల పేరు చెప్పి పుంజును పట్టి గంప కింద మూస్తారు. అలా పేరు పడ్డ కోడిని మళ్లీ వదిలేయడం, ఇంకొకరికి వండి పెట్టడం ఆ ఇంటికే చిన్నతనం. భాయ్ కంప్యూటర్లో గదిని ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. కోడిని రద్దు చేసే మీట ఏ కంప్యూటర్లోనూ లేదు. జనగామ నుంచి లక్నవరానికి మానుకోట దారి కాదు. దారి తప్పినా అటు వెళ్లం. అయినా ఆ కన్ను చూశాక నా వేళ్లు వాటంతటవే 'అట్లనే అత్తమ్మా' అని రాసేశాయి.

అంతలో ఫోను మోగింది. భూపాలపల్లిలో బొగ్గుబాయి కొలువు చేసే నా భార్య పెద్దబాపు, అంటే వాళ్ల నాయినకు అన్న. బాయిలో మిషన్ల చప్పుడు మీద అరిచి అరిచి, బయట కూడా అదే గొంతుతో మాట్లాడే మనిషి. "అల్లుడూ! ఆడిపిల్ల మాది. భూపాలపల్లి పక్కపొంటి ఉండంగ చెర్వు నడుమ పండుడేంది? మీరేమన్న చాపలా?" అన్నాడు. నేను చేపను కానని చెప్పేలోపే ఆయన కోడి ఫోటో వచ్చింది. మానుకోట పుంజు కన్నా ఎత్తు, ఎరుపు, గంప పట్టక తోక బయట పెట్టుకుని ఉంది. "అట్లనే పెద్దబాపూ" అన్నాను. ఫోను పెట్టేసి చూస్తే నా భార్య గుమ్మంలో నిలబడి ఉంది.

"మీకు 'కాదు' అనే మాట రాదా?"

"వస్తది. బళ్లె పిల్లలకు రోజు చెప్త."

ఆమె నవ్వలేదు. నవ్వకుండా బట్టల సంచిలోంచి ఒక చీర తీసి బీరువాలో పెట్టేసింది. నీళ్ల దగ్గర కట్టుకుందామని కొనుక్కున్న నీలం చీర అది. ఆ చీర మడత చూసి నా ప్రాణం సగం చచ్చింది.

మిగతా సగం గ్రూపులో పోయింది. మేనత్త, పెద్దబాపు తగ్గేదే లేదన్నారు. ఎక్కడ దిగాలన్నది నా చేతిలోంచి జారి రెండు జిల్లాల పరువు సంగతి అయింది. చివరికి నాయిన పంచాయితీకి కూర్చుని, ఫోను స్పీకర్లో పెట్టి తీర్పు చెప్పాడు: "ఎవరి కోడి మొదలు గంప కిందికి వోతె, వాళ్లింట్ల మొదలు దిగాలె." ఫోటోలు వచ్చిన సమయం చూస్తే మానుకోట కోడి ముందుంది. పెద్దబాపు గొంతుకు స్పీకరు వణికింది.

"అన్యాలం బావా! నేను పొద్దుగాల్నే గంప కప్పిన. రేగొండ నుంచి మా చెల్లె వచ్చి ఉన్నది, అడుగు! సిగ్నల్ దొరకక ఫోటో ఆలిశమైంది."

"సిగ్నల్ లేని కోడిని నేనెట్ల నమ్మాలె బావా?" అన్నాడు నాయిన.

(నా పెళ్లాం, నా సెలవు, నా చెరువు. అందులో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే 'అట్లనే' అనేవాణ్ణే కాబట్టి అడగకపోవడమే నయం.)

అలా మా విహారయాత్ర చెరువుకు వీపు చూపించి మొదలైంది. రైలు స్టేషన్ ఘన్‌పూర్‌లో ఆగితే, ఆ ఊళ్లో ఉండే మా చిన్నమ్మ ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుకొచ్చి, కిటికీలోంచి వేడి గిన్నె నా ఒళ్లో పెట్టింది. "మీరెట్లగు దిగరు. అందుకె వండుకనే వచ్చిన" అని కళ్లొత్తుకుంది. మూత తీస్తే కోడికూరే. ఎవరి పంచాయితీకీ ఎక్కని కోడి, పాపం. మానుకోటలో ఆడవాళ్లకు లోపలి గది, మగవాళ్లకు మిద్దె. మామ నా పక్కన పడుకుని తన మోకాలి ఆపరేషన్‌ను మొదటి నుంచీ చెప్పాడు, మధ్యలో నేను నిద్రపోతే వెనక్కి వెళ్లి మళ్లీ అందుకున్నాడు. మర్నాడు భూపాలపల్లిలో పుంజు పెద్దది కాబట్టి జనమూ ఎక్కువే. నాకు బావమరదుల మధ్య చాప, ఆమెకు అక్కచెల్లెళ్ల మధ్య మంచం. రెండు కోళ్లూ బాగున్నాయి. మేమిద్దరమూ బాగున్నాం, ఎవరికి వారుగా.

అయినా ఆశ చావలేదు. భాయ్ చేత తీయించిన దీవిలో గది ఇంకా మా పేరు మీదే ఉంది. మూడో రోజు పొద్దున ఇద్దరం సంచి పట్టుకుని బయలుదేరబోతే వాకిట్లో ట్రాలీ ఆటో ఆగి ఉంది. అందులో పెద్దమ్మ, బగారన్నంతో నిండిన పెద్ద గంజు గిన్నె, పిల్లలు, రేగొండ చెల్లె, ముందు సీట్లో పెద్దబాపు. "చెర్వు మేము గూడ సక్కగ చూడలె అల్లుడూ" అన్నాడు. మానుకోట నుంచి మేనత్త సరాసరి అక్కడికే వస్తున్నానని మాట పంపింది. తీర్పు గెలిచిన హక్కు ఆమెది. గది తలుపు తీయగానే గుమ్మం ముందు చెప్పుల వరుస తయారైంది. భోంచేశాక పెద్దబాపు మంచం మీద వాలి, ఏసీ పెట్టుకుని, నీళ్ల వైపు కిటికీకి కాళ్లు చాపి గుర్రు పెట్టాడు. నేను కలలు కన్న కిటికీలోంచి చెరువు కనిపించాలంటే ఆయన రెండు పాదాల మధ్య నుంచి చూడాలి.

నా భార్య వంతెన మీద ఒంటరిగా నిలబడి ఉంది. నేను పక్కకు వెళ్లి గొంతు సవరించుకున్నాను. "ఆ రోజు నిన్ను చూడంగనే ఏమనుకున్ననంటే..." వంతెన ఊగింది. వెనక మేనత్త. "ఏందిరా, ఒక్కల్లె నిలబడ్డరు? జరుగున్రి, ఫోటో దిగుదం" అని మా ఇద్దరి మధ్యలో నిలబడింది. పొద్దుగూకుతుంటే పెద్దబాపు లేచి ఒళ్లు విరుచుకున్నాడు. "అడివిల ఇద్దరే ఎట్ల పంటరు? పులి దిగితే?" (దిగితే దానికీ మావాళ్లెవరో ఒకరు గంప కింద కోడిని పెట్టేవారు.) ఆ గదికి తాళం వేసి అందరం ట్రాలీ ఎక్కాం. నా భార్య చెరువు కనుమరుగయ్యే మలుపులో ఒక్కసారి వెనక్కి చూసింది. నేను ఖాళీ గంజును ఒళ్లో పట్టుకుని కూర్చున్నాను.

ఏళ్లు గడిచాయి. పిల్లలు పుట్టారు, బడికి వెళ్తున్నారు, గోడ పైకప్పు దాకా వెళ్లింది. ఇప్పుడు గుసగుసలాడటానికి సంగతులే లేవు. పోయిన చలికాలం పెద్దబాపు ఫోను చేశాడు. కొలువు దిగిపోయాక ఆయనా పెద్దమ్మా ఇద్దరే కలిసి మొదటిసారి యాదగిరిగుట్టకు పోతున్నారట. "గుట్ట కాడ మంచి రూము దొరికింది అల్లుడూ. మీకెందుకు తిప్పలు, సీదా పోయి ఆడ్నే దిగుతం."

ఆ మాట కోసం నేను ఇన్నేళ్లుగా ఎదురు చూస్తున్నానని నాకప్పుడే తెలిసింది. "ఏంది పెద్దబాపూ, లాడ్జిల పంటరా? జనగామల మేమేమన్న సచ్చినమా?" అన్నాను. ఫోను పెట్టేసి, బజారుకు పోయి, పుంజును తెచ్చి, గంప కింద పెట్టి, ఫోటో గ్రూపులో వేశాను. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది.

దిగారు. దిగక ఏం చేస్తారు! కడుపునిండా పెట్టాం. పెద్దబాపు చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మేం సంచితో గుమ్మంలో ఉన్నాం. ఇంటి తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను. "అమ్మానాయిన ఉన్నరు, పిల్లలు మీతోని ఆడుకుంటరు. జర చూస్కోన్రి. మేము ఎల్లుండి వస్తం."

"యాడికి అల్లుడూ?"

"చాపల కాడికి" అన్నాను.

అదే దీవి. ఆ గదే అని నేనంటాను, పక్కదని ఆమె అంటుంది. సంచిలోంచి నీలం చీర బయటికి వచ్చింది. మడతల దగ్గర రంగు కొంచెం వెలిసింది. కిటికీని ఫోటో తీసి, ఈసారి నమస్కారం లేకుండా గ్రూపులో పెట్టాను. క్షణంలో మేనత్త గొంతు: "మంచిగనె ఉన్నదిరా. గని మానుకోటల దిగకుండ ఎట్ల పోయిన్రు?" ఫోను కట్టేశాను.

ఆమె గదిలో ఉన్న కెటిల్లో చాయ్ కాచి ఒక కప్పు నాకిచ్చి, కిటికీ పక్కన కూర్చుంది.

"ఇగ చెప్పు. చూడంగనే ఏమనుకున్నవ్?"

"ఆ రోజు నువ్వు తెచ్చిన చాయ్‌ల చక్కెర లేదు. పిల్ల భయంల మర్సిపోయింది, నేను చెప్తె అందరు తిడ్తరు, ఊకుందం అనుకున్న. గిలాసంత తాగి మంచిగుందన్న."

ఆమె చాలాసేపు నీళ్లకేసి చూస్తూ నవ్వింది. "మర్వలె. కావాల్ననే ఎయ్యలె. లెక్కల సారు ఒద్దనుకున్న, చాయ్ తాగి నువ్వే ఒద్దంటవనుకున్న. నువ్వేమొ మంచిగుందంటివి. గప్పుడే తెల్సింది, ఈయినతోని నేను ఏడికీ సక్కగ పోలేనని."

నేను కప్పులోకి చూశాను. ఒక గుక్క తాగాను. ఇన్నేళ్ల మొహమాటాన్ని పక్కన పెట్టి, చుట్టూ ఒక్క చుట్టం కూడా లేని ఆ చోట, మొదటిసారి నోరు తెరిచాను.

"ఇండ్ల గూడ చక్కెర లేదు."

"అడుగున ఉన్నది. కలుపుకో" అంది ఆమె.

ఉంది.