గడ్డపోతారం గేటు ముందు మా అక్క

ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గా భవాని గుడికి బస్సులో ఎలా వెళ్లాలని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. మొన్న శుక్రవారం నేను వెళ్లి వచ్చాను కాబట్టి దారి చెప్పగలను. కాకపోతే నేను నేరుగా వెళ్లలేదు. మా అక్క మంజుల గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. ఇద్దరం కలిసి అమ్మవారి దర్శనానికి వెళ్లి చాలా కాలమైంది. నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి ఫోన్ చేస్తే, “నేను డ్యూటీల లేనే, ధర్నాల కూసున్న. అయిదు రోజులాయె. నువ్వే ఈడికి రా, వీలైతే ఈడికెల్లే పోదాం” అంది. ఆ మాట విన్నాక నాకు మనసు ఆగలేదు.

కూకట్‌పల్లిలో పొద్దున ఏడున్నరకు బయలుదేరి, మియాపూర్‌లో బస్సు మారి బొల్లారం చేరేసరికి తొమ్మిదయింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదు. బొల్లారం నుంచి గడ్డపోతారానికి షేర్ ఆటో, మనిషికి ముప్పై రూపాయలు. ఆటో అతను ఏ కంపెనీకని అడిగాడు. సెక్యూరిటీ వాళ్లు ధర్నా చేస్తున్న చోటికని చెప్పాను. “ఆ టెంటు కాడికా? మొన్నటిదాక అది వాళ్లదే మేడం. ఇప్పుడు రెండు పార్టీలోళ్లు మాదంటే మాదని కొట్లాడుతున్నరు. ఊళ్ల ఎలక్షన్లు దగ్గరికొచ్చినయి గదా. ఇయ్యాల ఇద్దరూ వస్తున్నరట, జెర పైలం” అన్నాడు.

టెంటు కింద నలభై మంది దాకా ఉన్నారు. అందరి ఒంటి మీదా యూనిఫాం, అదీ ఇస్త్రీ చేసినది. డ్యూటీ లేని రోజున ఇదెందుకని అక్కను అడిగాను. “మామూలు బట్టలల్ల కూసుంటే ఎవరో దారిన పొయ్యేటోళ్లు అనుకుంటరు. మేమెవలమో తెల్వాలె గదా” అంది. అసలు సంగతి ఏమిటంటే, గార్డులను పెట్టే కాంట్రాక్టు కొత్త ఏజెన్సీ చేతికి వెళ్లింది. వాళ్లు వస్తూనే జీతంలో రెండు వేలు కోశారు, పన్నెండు గంటల డ్యూటీ మాత్రం అలాగే ఉంచారు. రెండు నెలలు అడిగి చూసి, మూడో నెల వీళ్లు బయట కూర్చున్నారు. ఆఫీసు వాళ్లే వంతులేసుకుని గేటు చూసుకుంటున్నారు.

టెంటు వెనక పెద్ద గిన్నెలో బగార అన్నం కలుపుతున్న పెద్దాయన సత్యనారాయణ గారు. గార్డులందరికీ సూపర్‌వైజర్. వాళ్ల నాన్న ఎప్పుడో ఫ్యాక్టరీ ఉద్యోగానికని తణుకు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. “మీ అక్క లేకపోతే రెండో రోజే లేచిపోయేవాళ్లమమ్మా. ముందు టిఫిన్ చేశావా, లేదా?” అని నా చేతికి ఉప్మా ప్లేటు ఇచ్చారు.

పదకొండు దాటాక ఒక పార్టీ నాయకుడు పాతిక బైకులతో వచ్చాడు. అనుచరులు టెంటు గుంజలకు జెండాలు కట్టబోయారు. అక్క లేచి ఎదురెళ్లింది. “అన్నా, కూసోండ్రి, చాయ్ తాగుండ్రి. జెండాలు మాత్రం రోడ్డు మీదనే ఉండనియ్యిండ్రి. మా దాంట్ల రెండు పార్టీలోళ్లు ఉన్నరు. కోత మాత్రం అందరికి ఒక్కతీరే పడ్డది” అంది. ఆయన మొహం చిట్లించుకున్నాడు గానీ జెండాలను రోడ్డు మీదికి పంపించాడు.

అంతలో రెండో పార్టీ వాళ్లు ఫ్యాక్టరీ యాజమాన్యం దిష్టిబొమ్మను మోసుకుంటూ వచ్చారు. ఒకడి చేతిలో పెట్రోల్ సీసా, ఇంకొకడి చేతిలో అగ్గిపెట్టె. రెండు గుంపులూ ఎదురెదురుగా నినాదాలు మొదలుపెట్టాయి. తోపులాటలో దిష్టిబొమ్మను సరిగ్గా గేటు ముందుకు తెచ్చి నిలబెట్టారు. దానికి పది అడుగుల్లో, లోపలికి వెళ్లడానికి ఒక ట్యాంకర్ ఆగి ఉంది. అందులో మందుల తయారీకి వాడే సాల్వెంట్. నిప్పురవ్వ తగిలితే భగ్గుమనే సరుకు. నాకు ఆ సంగతి తెలియదు. అక్క ఈల వేశాక, ఆ నలభై మందీ పరుగెత్తి ట్యాంకర్ ముందు చేతులు కలిపి గోడలా నిలబడ్డాక తెలిసింది.

“ఈడ నిప్పు పెట్టనియ్యం” అంది అక్క.

అగ్గిపెట్టె పట్టుకున్న మనిషికి కోపం వచ్చింది. “ఎవల కోసం జేస్తున్నం మేము? మీ కోసమే గదా! కంపెనీ మీ పొట్ట మీద కొడితే, మీరు కంపెనీని కాపాడుతున్నరా?”

“కంపెనీని కాదన్నా. లోపట మూడు వందల మంది పని జేస్తున్నరు. ఈ ట్యాంకర్ల ఏమున్నదో నీకెరుకనా? నాకెరుకే. దినాం రిజిస్టర్ల రాసేది నేనే.” చెయ్యి చాపింది. “అగ్గిపెట్టె గిటియ్యి.”

ఆమె గొంతు పెంచలేదు. అవతలి గుంపు వాళ్లు బైకులు రేజ్ చేస్తూ, కేకలు వేసి నవ్వడంతో అతను ఇంకా బిగుసుకున్నాడు. సత్యనారాయణ గారు ఆ గుంపు వైపు తిరిగి, “నవ్వులు తర్వాత బాబూ, ముందు బళ్లు ఆపండి. సిగరెట్లు ఆర్పండి. అంటుకుంటే మీరూ మేమూ అని చూడదు” అన్నారు. ఒక్కొక్క బైకే ఆగింది. ట్యాంకర్ డ్రైవర్, బీహార్ కుర్రాడు, భయంగా తల బయటపెట్టి “పీఛే లేలూఁ, దీదీ?” అన్నాడు, బండి వెనక్కి తీయనా అని. అక్క వెనక్కి నడుస్తూ, ఈలతో, చేతులతో దారి చూపించి బండిని రెండు మలుపుల అవతలికి పంపించింది. తిరిగొచ్చేసరికి ఆ మనిషి అగ్గిపెట్టెను తానే సత్యనారాయణ గారి చేతిలో పెట్టాడు. దిష్టిబొమ్మను వచ్చిన దారినే మోసుకెళ్లారు. పోలీసు జీపు వచ్చేటప్పటికి రోడ్డు మీద మిగిలింది గడ్డి పరకలే.

అయిదు రోజులుగా మొహం చూపించని మేనేజర్ అప్పుడు గేటు దాటి వచ్చాడు. పైఅంతస్తు కిటికీలోంచి అంతా చూశాడట. అక్కనూ సత్యనారాయణ గారినీ లోపలికి పిలిచి, ఏజెన్సీ మనిషిని రప్పించాడు. నేను టెంటు కింద బగార అన్నం ముందు పెట్టుకుని తినలేక కూర్చున్నాను. మూడు గంటలకు వాళ్లు బయటికి వచ్చారు. ఈ నెల నుంచి పాత జీతమే. కోత పడిన రెండు నెలల సంగతి మాత్రం లేబర్ ఆఫీసులో తేలాలి. “నోటిమాట కాదమ్మా, సంతకం పెట్టించాం” అని సత్యనారాయణ గారు కాగితం పైకెత్తి చూపించారు. రోడ్డు మీద నాయకులిద్దరూ విడివిడిగా తమ వల్లే జరిగిందని ఫోన్లలో వీడియోలు తీయించుకుంటున్నారు. అక్క నవ్వి, “చెప్పుకోనియ్యి. వాళ్లకు గదే జీతం” అంది.

ఆ యూనిఫాంతోనే నాతో బయలుదేరింది. గడ్డపోతారం నుంచి ఆటోలో పటాన్‌చెరు, అక్కడి నుంచి సంగారెడ్డికి బస్సులో ముప్పావు గంట. బస్సు కదలగానే నా భుజం మీద నిద్రపోయింది. సంగారెడ్డిలో మళ్లీ షేర్ ఆటో ఎక్కి, ఆరు కొడుతుండగా ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో దిగాం. కొబ్బరికాయలమ్మే అవ్వ అక్కను ఎగాదిగా చూసి, “గుడి కాడ బందోబస్తా బిడ్డా?” అంది. “కాదవ్వా, మొక్కుకోను వచ్చిన” అంది అక్క. హారతి అయ్యేదాకా కళ్లు మూసుకుని నిలబడింది. ఏం కోరుకుందో నేను అడగలేదు.

ఇన్నాళ్లూ ఎవరైనా అడిగితే మా అక్క ‘కంపెనీలో పని చేస్తుంది’ అని చెప్పి మాట మార్చేదాన్ని. అందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. తన జీతం కోసం కొట్లాడుతున్న రోజున కూడా లోపలివాళ్ల ప్రాణాలకు అడ్డం నిలబడిన మనిషి ఆమె. మర్నాడు బడిలో టీచర్లందరికీ ఈ కథ రెండుసార్లు చెప్పాను. రెండోసారి ఎవరూ అడగకుండానే.

ఇక ఈ దారినే వెళ్తే మీ ప్రయాణానికి ఒక్క సూచన. ఈ ఫ్యాక్టరీల మధ్య రోడ్లన్నీ ఒకేలా ఉంటాయి, ఫోన్‌లో మ్యాపు తరచూ తప్పు దారి చూపిస్తుంది. దారి తప్పితే దగ్గరలో ఏ గేటు కనిపిస్తే అక్కడ ఆగి సెక్యూరిటీ వాళ్లను అడగండి. ‘ఓ సెక్యూరిటీ’ అని పిలవకండి. జేబు మీద పేరు రాసి ఉంటుంది, చదివి పిలవండి.