ద్వారకానాథ్ గారి నెయ్యి సీసా

మా ద్వారకానాథ్ గారు జేబులో నెయ్యి సీసా లేకుండా గడప దాటరు. సిడ్నీలో పేరున్న రేడియాలజిస్టు. ఇస్త్రీ చెదరని సూటు, పట్టు టై, ఎడమ జేబు మాత్రం ఉబ్బెత్తుగా ఉంటుంది.

పోనీ, ఆ నెయ్యి ఎవరికైనా వడ్డిస్తారా అంటే, అదీ లేదు. 1990లో హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్లి, కార్ల పక్కన దుప్పటి పరిచి డబ్బాలు విప్పాం. నా నోరు ఊరుకోదు కదా.

"అంకుల్, పప్పన్నంలోకి ఒక్క చుక్క!"

"ఇది తినేది కాదోయ్ ఉపేంద్రా." చెయ్యి వెంటనే జేబు మీదికి పోయింది.

"తినని నెయ్యి ఎందుకండీ? మొహానికి రాసుకుంటారా?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. సీసా మాత్రం బయటికి రాలేదు. మేముండే క్వేకర్స్ హిల్ చుట్టుపక్కల ఇంత పిసినారి లేడని నేనే ఇంటింటికీ చాటాను.

ఆ చలికాలం కొత్త ఉద్యోగానికి మెడికల్ చేయించుకుంటే, ఎక్స్‌రేలో నా ఛాతీలో నిమ్మకాయంత నీడ కనబడింది. అదేమిటో ఎక్స్‌రేలో తేలదట, సీటీ స్కాన్ తీయాలన్నారు. మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు. మా ఆవిడ కిరణ్మయి మొక్కని దేవుడు లేడు.

స్కాన్ చూసింది ద్వారకానాథ్ గారే. మా ఇద్దరినీ తెర ముందు కూర్చోబెట్టారు.

"గడ్డంతా ఒకే నలుపు, చూశావా? ఇది ఉత్త కొవ్వు. లైపోమా అంటాం. క్యాన్సర్ కాదు. హ్యాపీగా ఇంటికెళ్లు."

నాకు నమ్మకం కుదరలేదు. "నన్ను ఊరడించడానికి అంటున్నారా అంకుల్?"

ఆయన లేచి, జేబులోంచి సీసా తీసి, ఇందాక నేను పడుకున్న బల్ల మీదే దాన్ని పడుకోబెట్టారు. మెషిన్ నడిపే అమ్మాయి "అగైన్, డాక్టర్?" అని నవ్వుతూ బటన్ నొక్కింది.

"మెషిన్ అన్నిటికీ నంబర్ వేస్తుందోయ్. నీళ్లకి సున్నా. కండకి సున్నా పైన. ఇదిగో నెయ్యి, మైనస్ నూటపది. నీ గడ్డ మైనస్ నూటఐదు. ఎప్పుడూ నన్ను నెయ్యి అడుగుతావే, నీ దగ్గరే ఉంచుకుని!"

కిరణ్మయి ఏడుస్తూనే నవ్వేసింది. "నంబర్ చూస్తే చాలదా అంకుల్, మళ్లీ సీసా ఎందుకు?"

"నాకు చాలమ్మా. భయపడ్డవాళ్లకి నంబర్ ఎక్కదు. నెయ్యి అందరికీ తెలుసు. మూడు హాస్పిటల్స్ తిరుగుతాను, ఎక్కడ ఎవరు భయపడతారో!"

నాకు సిగ్గేసింది. ఆయన్ని ఎన్నేసి మాటలన్నాను!

మర్నాడే కిరణ్మయి వెన్న కాచి కొత్త సీసా నింపి ఇచ్చింది. ఆయన మురిసిపోయి జేబులో వేసుకున్నారు.

ఆ ఆదివారం గుడి దగ్గర, బ్రిస్బేన్ నుంచి వచ్చిన కృష్ణమూర్తి గారు ఆ జేబులోంచి తొంగిచూస్తున్న నెయ్యి సీసా చూసి కంచం చాపారు. "ఒక్క చుక్క వెయ్యండి సార్!"

ద్వారకానాథ్ గారు నోరు విప్పేలోపు నేనే అడ్డం పడ్డాను.

"వెయ్యరండీ! అది తినేది కాదు!"