కావలీ కంపెనీదే, పొక్లెయినూ కంపెనీదే

మళ్ళీ అదే మాట అంటారేంటండీ, పని చేతకాక మానేసిందని? చేతనయింది కాబట్టే మానాల్సొచ్చింది. ముప్పై నిండకుండానే రిటైరయ్యానంటే నవ్వుతున్నారు. నవ్వండి. ఆ రంగంలో నన్నిక ఎవరూ పిలవరు, పిలిచినా నేను వెళ్ళను. దాన్ని రిటైర్మెంట్ అనక ఇంకేమంటారు? జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదివాక మాట్లాడండి.

గత ఏడాది మార్చిలో నన్నొక మట్టి తవ్వకాల కంపెనీలో సామాజిక సంబంధాల అధికారిగా వేశారు. ఆఫీసు తాడేపల్లిగూడెంలో, పరిధి కొల్లేటి అంచు గ్రామాలు. హోదాలో మేనేజరుకి కింద, సైటు సూపర్‌వైజరుకి పైన. మర్యాదలో మాత్రం ఇద్దరికీ కిందే. ఈమధ్య గనుల కంపెనీలకి పెట్టుబడి పెట్టేవాళ్ళు కొన్ని షరతులు పెడుతున్నారు. తవ్వే చోట తరతరాలుగా బతుకుతున్నవాళ్ళ సమ్మతి ముందే తీసుకోవాలి, బలవంతం ఉండకూడదు. వాళ్ళ ఆచారాల్ని గౌరవించాలి. గౌరవించినట్టు రుజువుండాలి. రుజువంటే ఫోటో. ఆ ఫోటో మా కంపెనీ యాప్‌లోనే తీయాలి, తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా దానిమీద పడాలి. సైటు నడిమధ్యన గీసిన వలయం దాటి బయట తీస్తే యాప్ ఒప్పుకోదు. సమ్మతి తేవడం, రుజువు ఎక్కించడం నా ఉద్యోగం. ఫోన్ ఎప్పుడూ చేతిలోనే ఉంటుందని ఇంట్లో తిట్టించుకున్నదాన్ని, దానికే ఉద్యోగమిచ్చారు.

నేను పుట్టి పెరిగింది హైదరాబాదులో. అమ్మమ్మ వాళ్ళది ఏలూరు, తివాచీలు నేసే కుటుంబం. దరఖాస్తులో ఆ ఒక్క ముక్క చూసి నన్ను ‘స్థానిక అభ్యర్థి’ అన్నారు. కొల్లేరుని అప్పటిదాకా నేను చూసింది ఫోన్ మ్యాపులో నీలం మచ్చగా మాత్రమే.

సైటు ఒక లంక గ్రామం ఊరుమ్మడి మడుగు. గణపవరం దాటాక చేపల చెరువుల గట్ల మధ్య నుంచి కొల్లేటి వైపు దిగితే వస్తుంది. ఊరంతా చేపల మీద బతికే కుటుంబాలే. సరస్సు అభయారణ్యానికి హద్దు ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తులో గీసిన గీత. మడుగు ఆ గీతకి కాస్త బయట ఉంది కాబట్టి కంపెనీకి అనుమతి వచ్చింది. గీత సంగతి నీళ్ళకి తెలీదు కాబట్టి వానాకాలంలో మడుగూ కొల్లేరూ ఒకటే. అనుమతి ‘పూడికతీత’కి. తీసిన మట్టి ఇటుక బట్టీలకి పోతుంది, మడుగు లోతవుతుంది, చేపలకి మేలు. మా ప్రజెంటేషన్‌లో చేప బొమ్మ నవ్వుతూ ఉండేది.

ఇక యాప్. అందులో ‘సముదాయం నివసించే చోటు’ అని ఒక గడి ఉంటుంది. కొండ, అడవి, ఎడారి, ఈ మూడింట్లో ఒకటి నొక్కాలి. నీళ్ళు అనేది లేదు. హెడ్డాఫీసుకి ఫోన్ చేస్తే దగ్గరగా ఉన్నది నొక్కేయమన్నారు. కొండ నొక్కాను. వారం తిరక్కుండా ఏ కొండ, ఎంత ఎత్తు అని అడిగారు. ఆ ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తయిన చోటు, వరదొస్తే గేదెల్ని కట్టేసే మెరక. దాని ఫోటో పంపాను, పైన రెండు గేదెలతో. ‘పర్వత సానువు, పశుసంపద’ అని ఫైల్లో రాసుకున్నారు.

ఊరి పెద్ద పేరు నాంచారయ్య. మొదటి సమావేశం ఆయన అరుగు మీదే జరిగింది. మా ప్రజెంటేషన్ అంతా ఓపిగ్గా చూసి, నవ్వే చేప దగ్గర ఆపమన్నారు.

“ఏవండీ, ఈ చేప ఎందుకు నవ్వుతుందండీ?”

“లోతు పెరిగిందని సంతోషమండీ,” అన్నారు మేనేజర్ గారు.

“ఎండాకాలం మా కొర్రమీను బురదలోకి దిగి వానదాకా పడుకుంటుందండి. మీరు బురదే ఎత్తుకుపోతే పాపం టిప్పరెక్కి వెళ్ళిపోద్ది. బట్టీలో నవ్వుద్దేమో మరి.”

అరుగు కింద కూర్చున్న ఆడవాళ్ళు పైట అడ్డం పెట్టుకుని నవ్వారు. వాళ్ళలో కోటేశ్వరమ్మ ఒక్కావిడ నవ్వలేదు. “వానొచ్చాక ఊరందరి వలల్లో పడేది ఈ మడుగులో దాగిన చేప పిల్లలేనమ్మా. ఇది పోతే మేం చెరువుల గట్ల మీద కూలికి పోవాలి,” అంది నా వైపు చూసి. మేనేజర్ గారి వైపు చూడలేదు.

సమ్మతి రాలేదు. కానీ మేనేజర్ గారు నిరాశపడే మనిషి కాదు. సమ్మతి తర్వాత చూద్దాం, ముందు ఆచారం గడి నింపేద్దాం అన్నారు. కంపెనీ పాల్గొనడానికి ఇక్కడేదైనా ఆచారం ఉందా అని నాంచారయ్య గారిని అడిగారు. ఆయన ఉందన్నారు. ఏమీ దాచకుండా విడమరిచి చెప్పారు కూడా. ఈ మాట ఎందుకంటున్నానంటే, తర్వాత కంపెనీలో అందరూ ఆయన మమ్మల్ని మోసం చేశారని అన్నారు. ఆయన చెప్పింది ఇది. మడుగు గురించి మాట్లాడే హక్కు కావలి కాసినవాళ్ళకే ఉంటుంది. ఎండాకాలమంతా ఇంటికొక వంతు. వంతు వచ్చినవాళ్ళు ఎర్రగుడ్డ కట్టిన గెడకర్ర పట్టుకుని, తాటిమాను తొలిచి చేసిన దోనెలో మడుగు మధ్య పొద్దు గుంకేదాకా ఉండాలి. గెడ ఎవరి చేతిలో ఉంటే కావలి వాళ్ళదే. ఆ రోజు మడుగులో ఎవరు చెయ్యి పెట్టబోయినా, కన్నతండ్రయినా సరే, ఆపాలి. ఆపకపోతే ఆ ఇంటి వలలు ఏడాదంతా గట్టు మీదే.

“మరి మాకు వలలు లేవు కదండీ?” అన్నారు మేనేజర్ గారు సరదాగా.

“మిషన్లున్నాయి కదండీ,” అన్నారు నాంచారయ్య గారు, అంతే మర్యాదగా.

మేనేజర్ గారు సంతోషంగా ఒప్పుకున్నారు. ఊరందరి ముందూ గెడ ముట్టుకుని కంపెనీ తరఫున మాటిచ్చారు. కంపెనీ అంటే ఆయన దృష్టిలో నేను.

మా వంతు ఏప్రిల్లో వచ్చింది. పొద్దున్నే కోటేశ్వరమ్మ నన్ను దోనెలోకి దింపింది. తాటి దోనె ఎక్కినవాళ్ళకే తెలుస్తుంది, ఊపిరి గట్టిగా పీల్చినా అది ఒరుగుతుంది. “కదలకమ్మా రేష్మా, ఫోన్ చూసుకో, బాగా ఆగుతావు,” అని నీళ్ళలో నడుచుకుంటూ తనే మధ్యకి తోసి వెళ్ళింది. అక్కడ సిగ్నల్ నిండుగా ఉంది. గట్టు మీద ఒక్క గీత కూడా రాని ఊళ్ళో, మడుగు మధ్య వీడియో కాల్ వచ్చేంత సిగ్నల్! ఒక చేత్తో గెడ, ఇంకో చేత్తో ఫోన్. ఫోటో తీశాను, ఎక్కించాను, పచ్చ టిక్కు వచ్చింది. నా పని అయిపోయిందనుకున్నాను.

ఎండెక్కాక గట్టు మీద పొక్లెయిన్ కనబడింది. వెనకాల టిప్పర్లు. అన్నిటిమీదా మా కంపెనీ బొమ్మే.

మేనేజర్ గారికి ఫోన్ చేశాను. ఆయన గొంతులో ఉత్సాహం ఇప్పటికీ మర్చిపోలేను. “ఇవాళ కావలి మనదే కదా రేష్మా గారూ, అడ్డమెవరుంటారు? అందుకే ఇవాళే పెట్టించాను. మీరు కొంచెం పక్కకి జరగండి, బకెట్ తగులుద్ది.”

అర్థమైందా అండీ? మన వంతు కాబట్టి మనం దోచుకోవచ్చు. బ్యాంకుకి వాచ్‌మన్‌ని పెట్టుకుని, ఇవాళ డ్యూటీ మనవాడిదే కదా అని వాడి చేతే లాకరు పగలగొట్టించినట్టు. ఇదే ముక్క ఫోన్లో అరిచాను. ఇంకొన్ని మాటలు కూడా అన్నాను, అవి హైదరాబాదువి, ఇక్కడ రాయను.

పొక్లెయిన్ ఆపరేటర్ ప్రసాదు గణపవరం కుర్రాడు. ఇంజన్ ఆపి గట్టు అంచుకొచ్చి నిలబడ్డాడు.

“మేడం, మీరు కంపెనీయా, ఊరా? ఒకటి తేల్చండి, నేను బకెట్ దింపాలి.”

“పొద్దు గుంకేదాకా కావలి. దింపితే ఊరుకోను!”

“మరి కంపెనీ దింపమంటుంది కదండీ?”

“కంపెనీయే వద్దంటోంది! కంపెనీ తరఫునే ఇక్కడ కూర్చున్నా!”

“రెండూ కంపెనీ మాటలే అయినప్పుడు దగ్గరున్నవాళ్ళ మాట వినాలి లెండి,” అని ప్రసాదు బకెట్ నీడలో చతికిలబడి మజ్జిగ ప్యాకెట్ చింపాడు. అప్పటికి ఊరంతా గట్టెక్కింది. ఎవరూ కేకలెయ్యలేదు. మజ్జిగ చాలకపోతే ఇంకాస్త తెచ్చారు, టిప్పర్ల డ్రైవర్లకి కూడా. గొడవ మాలో మాకే కదా, వాళ్ళు చూడ్డానికొచ్చారు.

మధ్యాహ్నానికి మేనేజర్ గారు కార్లో ఉంగుటూరు మీదుగా వచ్చారు. కారు దిగిన దగ్గర్నించి నన్ను ఉద్యోగంలోంచి తీసేశానని చెబుతూనే గట్టెక్కారు. తీసేసినా పొద్దు గుంకేదాకా గెడ నాదేనన్నాను. ఆయనకి కోపం వచ్చింది. ఇంకో దోనెలో తనని తోయించుకుని మడుగు మధ్యకొచ్చారు, నా దోనెలోకి కాలు పెట్టారు, గెడ పట్టుకు లాగారు. నేను వదల్లేదు. దోనె అటూ ఇటూ ఒరిగింది. ఫోన్ నీళ్ళలో పడబోయింది. దాన్ని రెండు చేతులా పట్టుకున్నాను. అది పోతే నేనుండీ లాభం లేదు. గెడ ఆయన చేతిలో ఉండిపోయింది.

గట్టు మీద కోటేశ్వరమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. నాంచారయ్య గారు లేచి నిలబడి చేతులు జోడించారు.

“సంతోషమండి మేనేజర్ గారూ. ఇంతవరకూ కావలి మీ అమ్మాయిగారిది. ఇప్పుడు తమరిది.”

“నాకెందుకండీ, ఇదిగో తీసుకోండి!” అని ఆయన గెడ చాచారు.

“పొద్దు గుంకేదాకా ఎవరూ అందుకోరండి. అదే కట్టుబాటు.”

కోటేశ్వరమ్మ నాలుక్కరుచుకుంటూ వచ్చి, నన్ను ఆయనొచ్చిన రెండో దోనెలోకి దింపుకుంది. మేనేజర్ గారు నడి మడుగులో ఒంటరిగా మిగిలారు. గెడ వేసి దోనె నడపడం ఆయనకి రాదు, బురదలోకి దిగి నడిచే ధైర్యమూ లేదు. ఒక పోటు వేస్తే దోనె ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. ఇంకో పోటుకి ఇటువైపు తిరిగింది. తిరుగుతూనే, “ప్రసాదూ, దింపరా బకెట్టూ!” అని కేకేశారు.

ప్రసాదు లేచి నిలబడి వినయంగా అన్నాడు: “కావలి మీదే గదండీ సార్. మీరు దింపమని నేను దింపితే, ఆపనందుకు ఊరివాళ్ళు మిషన్ కట్టేస్తారు. మీరు వద్దంటే దింపను. దింపమంటే కట్టేస్తారని దింపను. ఎటైనా మీ మంచికే సార్.”

అప్పుడు నేను నా ఉద్యోగధర్మం నిర్వర్తించాను. రెండో దోనెలో ఉన్నాను, వలయంలోనే ఉన్నాను. ఫోన్ తీసి, చేతిలో ఎర్రగుడ్డ గెడతో, వెనకాల ఆగిపోయిన పొక్లెయిన్‌తో మేనేజర్ గారి ఫోటో తీశాను. ‘స్థానిక ఆచారంలో ఉన్నతాధికారి పాల్గొనుట’ అన్న గడిలో ఎక్కించాను. టిక్కు పడింది. ఆయన పొద్దు గుంకేదాకా అక్కడే తిరిగారు. మధ్యలో ఊరివాళ్ళు నీళ్ళలో నడిచి వెళ్ళి మజ్జిగ, గొడుగు ఇచ్చారు. గెడ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

తర్వాత జరిగింది పూర్తిగా హెడ్డాఫీసు పని. వాళ్ళకి ఆ ఫోటో తెగ నచ్చింది. ‘కొండ ప్రజల నీటికి మా అధికారే కావలి’ అని పెట్టుబడిదారులకిచ్చే పుస్తకంలో అట్టమీద వేశారు. అట్టమీదకెక్కిన సైటులో తవ్వితే బావుండదు కాబట్టి ఆ మడుగుని ‘కంపెనీ సంరక్షిత ప్రాంతం’గా రాసేశారు. ఊరి నుంచి సమ్మతి ఇప్పటికీ రాలేదు, అడిగేవాళ్ళూ లేరు. మేనేజర్ గారికి ప్రమోషన్ వచ్చింది. పని ఆపినందుకు నన్ను తీసెయ్యడం మాత్రం రద్దు కాలేదు. వానలు పడ్డాక కోటేశ్వరమ్మ దోనెలో మడుగు మధ్యకెళ్ళి, సిగ్నల్ చూసుకుని నాకు వీడియో కాల్ చేసింది. వలలో కొర్రమీను పిల్లలు. “నవ్వుతున్నాయేమో చూడమ్మా,” అంది. నవ్వట్లేదు. చేపలు నవ్వవు.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒకటే. ఒక ఊరి మట్టి మీద మాట చెల్లాలంటే ముందు ఆ మట్టికి ఎండలో కూర్చుని కాపలా కాయాలి. కాసినవాళ్ళకి తవ్వాలనిపించదు, తవ్వాలనుకున్నవాళ్ళు కాయలేరు. కంపెనీ ఇన్నేళ్ళలో ఇచ్చిన మాట నిలబెట్టుకున్నది ఆ ఒక్క రోజే, నిలబెట్టించింది నేను. ఇప్పుడు చెప్పండి, పని చేతకానిది నాకా?